పెరటి మడి – దయాధర్మము

వంశధారానది యెడమగట్టున వెలసిన శ్రీముఖలింగము శైవులకు పరమపవిత్రమైన క్షేత్రము. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును అచట గలవు. మధూకమనగా ఇప్పచెట్టు. ఆ చెట్టునందు శివుడు ముఖముతో కూడిన లింగరూపమున ఆవిర్భవించెననియు, అందువలననే మధుకేశ్వరుడను పేరు కలిగెననియు స్థలపురాణము చెప్పుచున్నది. తూర్పు గంగరాజుల కాలమున ఇదియే కళింగనగరమై వారికి రాజధానిగా వర్ధిల్లెనని చరిత్రజ్ఞులు నిర్ణయించియున్నారు. రాజధాని పోయినది, ఏరు మిగిలినది, ఏరు తెచ్చిపెట్టు ఒండ్రు మిగిలినది. కార్తికము వెళ్ళుచు చలి మొదలగు దినములలో, ఆ ఒండ్రునేలలో, ఇంటి పెరళ్ళలో వేసికొను చిన్న మడులను గూర్చియే ఈ ప్రసంగము. మడి యన్నంతనే ఇది వ్యవసాయ విషయమని పుట త్రిప్పివేయవలసిన పనిలేదు. శరణులు కాయకమును విడిచి ధర్మమును చెప్పినవారు కారు.

క్యారెట్టు ఈ సీమలో అనాదిగా నున్న పంట కాదు. మధ్యాసియా, పారశీక ప్రాంతములలో ఊదా, పసుపు రంగుల దుంపగా సాగులోనికి వచ్చి, నేడు అందరెరిగిన నారింజరంగును హాలెండు దేశమున 17వ శతాబ్దమునాటికి స్థిరపరచుకొన్నది. చలిని కోరు పైరు. 15 మొదలు 20 డిగ్రీల వేడిమిలో నున్నప్పుడు దుంప తిన్నగా దిగి, రంగు బాగుగా పట్టును. సముద్రమునకు చేరువైన శ్రీకాకుళం సీమలో అట్టి చల్లదనము మార్గశిర పుష్యమాసముల రాత్రులయందే దొరకును. కనుక పెరటిలో ముల్లంగి, తోటకూరల ప్రక్కన ఒకటి రెండు మడులుగా ముచ్చటకు వేసికొనవలసిన పంట ఇది. ఒండ్రు కలిసిన ఇసుకనేలను అడుగు లోతున గుల్లగా త్రవ్వి, రాయి రప్ప ఏరివేసినచో ఆ ముచ్చట తీరును. రాయి తగిలినచోట దుంప రెండు కాళ్ళుగా చీలును. మాగని పెంట వేసినను అంతియే.

విత్తనము మిక్కిలి చిన్నది. ఒక గ్రాములో ఇంచుమించు 800 గింజలుండును. ఆరడుగుల పొడవున నాలుగు చాళ్ళు తీసిన మడికి ఒక గ్రాము గింజలను ఇల్లాలు అరచేతిలోనికి తీసికొన్నచో, అది చూచుటకు చిటికెడు విభూతియంతయే యుండును. ఇంత చిన్న పొట్లముతో ఏమగునని ఇంకొక పొట్లము విప్ప బుద్ధిపుట్టును. నూటికి 60 మాత్రమే మొలచినను మొక్కలు 480. దుంప బొటనవ్రేలి లావున దిగవలెనన్న మొక్కకును మొక్కకును మూడు వ్రేళ్ళ ఎడముండవలెను. లింగధారులకు ఈ కొలతను వేరుగ నేర్పనక్కరలేదు. నొసట విభూతిని తీర్చు మూడు వ్రేళ్ళే అవి. ఆ లెక్కన చాలుకు 36, మడికి 144 మొక్కలకు మాత్రమే చోటు. తక్కిన 336 మొక్కలు ఏమి కావలెను?

పెరికివేయవలెను. సేద్యము తెలిసినవారెవరిని అడిగినను ఇదియే చెప్పుదురు. విత్తిన పది పదునైదు దినములకు గడ్డిపోచవంటి మొలక కనబడును. పిదప అల్లికపని చేసినట్లుండు అసలు ఆకులు రెండు మూడు వచ్చువరకు ఓపికపట్టి, మడికి నీరు చల్లి, నేల మెత్తబడిన సాయంకాలమున పనికి పూనుకొనవలెను. ఉండవలసిన మొక్క మొదలును ఒక వ్రేలితో అదిమిపట్టి, ప్రక్కదానిని నిదానముగ పైకి లాగవలెను. మరీ ఒత్తుగ నున్నచోట లాగినచో ఉండవలసినదియు కదలిపోవును. అట్టిచోట కత్తెరతో నేలమట్టమునకు కత్తిరించుట మేలు. పని ముగిసిన పిదప మన్ను సరిగా అదిమి మరల నీరు చల్లవలెను.

చెప్పుటకు ఇంతియే. చేయబోవువేళ చేయి ఆగును. కలుపు తీయునపుడు ఏ చేయియు ఆగదు. అది తాను విత్తినది కాదు. ఇవి యట్లు కాదు. తానే విత్తి, తానే ఉదయసాయంకాలములు నీరుపోసి, మొలక కనబడినదని పిల్లలను పిలిచి చూపిన మొక్కలు. వీనిలో నూటికి తొంబది ఆరోగ్యముగనే యున్నవి. పెరుకబడు మొక్క ఏ తప్పును చేయలేదు. రెండు మొక్కలు ఒకే చోట సమానముగ నిలిచియున్నప్పుడు, ఒకదానిని తీసి ఒకదానిని ఉంచుటకు చెప్పదగిన కారణమే యుండదు.

వరి యైనచో ఈ చిక్కు లేదు. ఆకుమడిలో ఒత్తుగా పెరిగిన నారును పీకి, కట్టలు కట్టి, దమ్ముచేసిన చేనిలో నాటుదురు; ఉత్తరాంధ్రమున దీనినే ఉభాలందురు. పీకబడిన ప్రతి మొక్కకును వేరొకచోట తన నేల సిద్ధముగ నుండును. చోడి నారు కూడ నంతియే. తోటకూర యందు పలుచన చేయుటయే తొలి కోత. తీసిన లేతమొక్కలు ఆ పూటకే పప్పులోనికి పోవును. క్యారెట్టునకు ఈ రెండు దారులును లేవు. దీనిని పీకి నాటినచో తల్లివేరు తెగి, దుంప వంకరలు పోవును. తొలిసారి తీసిన మొక్కకు దుంపయు లేదు, చెప్పుకొనదగిన ఆకును లేదు. పశువు ముందు వేసినచో ఒక్క నోటికి చాలదు. మోహపడినవాని మనస్సునకు ఊరట ఏదియు మిగల్చని మొక్క ఇది.

ధర్మమునకు మూలము దయయే యని బసవేశ్వరుడు బోధించెను. ఆ దయకు మనుష్యులు మాత్రమే పాత్రులని ఆయన హద్దు గీయలేదు. సకల ప్రాణులకును అది చెందవలెనని చెప్పెను. జైనమునులు దుంపలను సైతము వర్జింతురు. వారి నియమము వారిది, గౌరవింపదగినది. లింగవంతులకు అట్టి నిషేధము లేకపోయినను, దయను మొదటిమాటగా నేర్చినయింటి చేయి మొలకను పెరుకుటకు వెనుదీయుట లోపమని చెప్పరాదు. వెనుదీయని చేయికంటె అదియే మేలు. కాని వెనుదీసినచోటనే ఆగిపోయి, దానినే దయ యని పేరుపెట్టుకొన్నప్పుడు విచారింపవలసియున్నది.

పలుచన చేయక విడిచిన మడిని డెబ్బది దినముల తరువాత చూడవలెను. పైకి చూచినచో ఊరిలో అంత పచ్చని మడి మరియొకటి లేదనిపించును. ఆకు ఏపుగా, ఒత్తుగా, మోకాలిని తాకుచు గాలికి ఊగుచుండును. త్రవ్వి చూచినచో ఎలుకతోక లావున వేళ్ళు ఒకదానినొకటి పెనవేసికొని, ఏది దేనిదో విడదీయుటకు వీలుకాక యుండును. ఉన్న నీరు, ఉన్న సారము, ఉన్న వెలుతురు 480 పాళ్ళుగ పంచబడినవి. ఏ ఒక్కదానికిని దుంప కట్టుటకు చాలలేదు. మొక్కలు చావలేదు, నిజమే. కాని యే పనికై విత్తబడినవో ఆ పని ఒక్కదానికిని నెరవేరలేదు. అన్నిటిని ఉంచిన ఆ దయ ఎవరిమీది దయ? మొక్కలమీదిది కాదు. తీసివేయునపుడు కలుగు నొప్పి తనకు కలుగకుండుటకై తనమీద తాను చూపుకొన్న దయ యది. లోభమునకు అనేక వేషములు గలవు. అన్నిటిలో గుర్తుపట్టుటకు కష్టమైనది ఈ దయావేషము.

శ్రీముఖలింగ స్థలపురాణములోను ఒక చెట్టును నరుకుట కలదు. శబర నాయకుని ఇరువురు భార్యలకు ఇప్పపూల పంపకములో తగవు వచ్చెనట. ఆ తగవు తీరక, అతడు చెట్టునే నరుకబోగా శివుడు ప్రత్యక్షమయ్యెనని అచటివారు చెప్పుకొందురు. ఈ కథను శివుని మహిమకై చెప్పుట వాడుక. కాని గొడ్డలి దాక పోయిన కారణమును గూర్చియు కొంత ఆలోచింపవచ్చును. అడవిలోని ఇప్పచెట్టు రాత్రి రాల్చు పూలు ఒక కుటుంబమునకు చాలకపోవునా? నాకెన్ని, దానికెన్ని యను లెక్క మొదలైన నాడే ఆ చెట్టునకు చేటు వచ్చినది. శివుడు దయామయుడు గనుక నరుకబోయినచోట దర్శనమిచ్చెను. అంతమాత్రమున గొడ్డలి పుణ్యసాధనము కాలేదు.

కావున పెరికిన చేతిని నిందించుటకు ముందు విత్తిన చేతిని చూడవలెను. 144 మొక్కలకు చోటున్న మడిలో 800 గింజలు చల్లినది ఎవరు? గింజ చిన్నదని, చవుకయని, ఎక్కువ వేసినచో ఎక్కువ పండునని చల్లిన ఆ క్షణముననే 336 మొక్కల గతి నిర్ణయమైనది. తెలిసిన ఇల్లాలు గింజలను పదిరెట్లు ఇసుకతో కలిపి, ఆ ఇసుకను చాళ్ళలో పలుచగ రాల్చును. అట్లు చేసినను అచ్చటచ్చట గుంపులుగ మొలచుట తప్పదు. మనుష్యుని చేయి అంత కచ్చితమైనది కాదు. కాని పెరుకవలసినవి మూడువందల నుండి ఏ ముప్పది నలుబదికో దిగివచ్చును.

కల్యాణనగరమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్రలో నున్నది సరిగా ఈ ధర్మమే. రాలిన బియ్యము నేరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ కాయకమే ఆయన పేరైనది. ఆ బియ్యముతో లక్కమ్మ వండి జంగమార్చన చేయును. ఒకనాడు ఆయన ప్రతిదినమునకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. తెచ్చినది దొంగసొత్తు కాదు. నేలరాలినది, ఇతరులు వదలినది, పైగా దాసోహమునకై తెచ్చినది. లోకము దృష్టిలో తప్పేమియు లేదు. లక్కమ్మ మూట చూచి, నేటికి కావలసినదానికంటె ఇది అధికమని, ఇట్టి ఆశ రాజులకు తగును గాని శివభక్తులకు తగదని, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను. మారయ్య మారుమాటాడక మరలిపోయెను.

ఈ కథ చెప్పునప్పుడు లక్కమ్మ నిస్పృహను మెచ్చుకొని ముగించుట పరిపాటి. మారయ్య తిరిగిపోయిన దారిని గూర్చి చెప్పువారు తక్కువ. భుజముమీది మూట అదే, వీధి అదే. తెచ్చుచున్నప్పుడు చూచినవారే తిరిగి పోయుచున్నప్పుడును చూచియుందురు. ఒంగి ఒంగి ఏరిన గింజలను మరల నేలపాలు చేయుట నడుమునకును మనస్సునకును సులభమైన పనికాదు. అధికముగ ఏరినవానికి ఆ రెండవ నడక తప్పదు. ఏరకమునుపే ఆగినవానికి ఆ శ్రమయే లేదు. మడిలో ఇసుక కలిపి విత్తిన ఇల్లాలు ఆ రెండవ నడకను చాలవరకు తప్పించుకొన్నది.

గృహస్థుల జీవనమున ఇట్టి ఒత్తుమడులు ఎన్ని యున్నవో ఎవరింటిని వారు చూచుకొనవచ్చును. మెడలో ఇష్టలింగమును ధరించిన యింటనే గ్రహశాంతులు, తాయెత్తులు, వారమునకొక మ్రొక్కు, ఊరికొక వేల్పు మొలచియుండుట కానవచ్చును. ఒక్కొక్కటి విడిగ చూచినచో భక్తియే. దేనిని పెరుకుటకును చేయిరాదు. ఇది తాతలనాటిది, అది అత్తవారియింటిది, ఇంకొకటి బిడ్డ జబ్బుపడినప్పుడు మ్రొక్కినది. ఇన్నిటి నడుమ ఇష్టలింగమునకు ఉదయమున దొరకు సమయము పావుగంట. ఆ పావుగంటలోను చూపు గడియారముమీద. బసవేశ్వరుడు ఏకదేవనిష్ఠను అంత గట్టిగ చెప్పుటకు ఇతర దేవతలమీది ద్వేషము కారణము కాదు. వేరు దిగుటకు చోటు కావలెనన్నదియే ఆయన భావము.

పిల్లల విషయమున ఇది మరింత కనబడును. బడి, బడి ముగియగనే ట్యూషను, అది ముగియగనే సంగీతమో కంప్యూటరో, ఆదివారము మరియొక పరీక్షకు తర్ఫీదు. ఇన్నిటిని బిడ్డమీది ప్రేమచేతనే తల్లిదండ్రులు విత్తుదురు. ఆకు ఏపుగ నుండును. బంధువుల ముందు చెప్పుకొనుటకు కావలసినంత యుండును.

మఠములకును ఈ మాట చెల్లును; చెప్పుటలో అపచారము లేదు. ఒక మఠము ఒకే సంవత్సరమున పాఠశాల, అన్నదానము, వైద్యశాల, కల్యాణమండపము, గ్రంథప్రచురణ యని అయిదింటికి శంకుస్థాపన చేసి, అయిదింటికిని జాలిపడి ఒకదానినైనను విడువలేక, పది సంవత్సరములకు అయిదు అసంపూర్ణపు గోడలతో నిలిచినచో, అది దాతలకు జరిగిన అన్యాయము. వైద్యశాలకై వచ్చి తాళము చూచి మరలిపోయిన రోగికి జరిగినది అంతకంటె పెద్ద అన్యాయము. రెండింటిని విడిచి మూడింటిని నిలుపుటకు కావలసిన ధైర్యము శంకుస్థాపనకు కావలసిన ఉత్సాహముకంటె గొప్పది. విడిచినవాని పేర శిలాఫలకములుండవు గనుకనే అది కష్టము.

ఇంతవరకు చెప్పినదానికి ఒక హద్దు గలదు. దానిని చెప్పక విడిచినచో ఈ ఉపమానము విషమగును. మడికి చెల్లినది మనుష్యులకు చెల్లదు. బలమైన మొక్కను ఉంచి తక్కినవానిని పెరుకుట ప్రకృతిధర్మమని, కావున సంఘమునను అట్లే యుండవలెనని వాదించువారు ప్రతి తరమునను గలరు. మందబుద్ధియని ఒక బిడ్డ చదువు మాన్పించుట, ఆడపిల్లయని పోషణలో కొరత చేయుట, వృద్ధులు భారమని ప్రక్కకు నెట్టుట, ఉపశాఖ వేరని ఒక లింగవంతుని పంక్తినుండి లేపుట, ఇవన్నియు ఆ వాదమునకు పుట్టిన బిడ్డలు. మడిలోని మొక్కలు ఒకడు తన అవసరమునకై తన నేలలో విత్తుకొన్నవి. మనుష్యులను విత్తినవాడు శివుడు. ఆయన నేలకు కొలత గీసినవాడు లేడు. ఎడము చాలలేదను మాట మనుష్యుల విషయమున పుట్టినపుడెల్ల, ఎవడో ఒకడు తన చాలులో అధికముగ ఆక్రమించెనని తెలిసికొనవలెను.

12వ శతాబ్దమున కల్యాణములో జరిగినది ఇదియే. బసవేశ్వరుడు నడిపిన సమావేశమున చాకలి మాచయ్య, చెప్పులు కుట్టు హరళయ్య, త్రాళ్ళు పేను చందయ్య, పడవ నడపు చౌడయ్య సమానముగ కూర్చుండిరి. అందరును ఎదుగుటకు అచట చోటు దొరికినది. ఎవరిని పెరుకవలసిన పని రాలేదు. హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన మధువరసు కుమార్తెకు వివాహమైనపుడు, అది కంటికి సరిపడనివారు రాజునాశ్రయించిరి. బిజ్జలుడు ఆ తండ్రులిద్దరికిని క్రూరమైన మరణశిక్ష విధించెనని సంప్రదాయము చెప్పుచున్నది. రాజు తన మడిని బాగుచేయుచున్నానని తలచియుండును. కల్యాణము ఆ దెబ్బనుండి మరల కోలుకొనలేదు. మొక్కను పెరుకుటకే వణకిన చేయిని పైన మెచ్చుకొనుటకు కారణమిదియే. ఆ వణకు పూర్తిగ పోయిన చేయి మడితో ఆగదు.

ఇక పెరటిపనిలో మిగిలినది రెండవ విడత. తొలిసారి రెండు వ్రేళ్ళ ఎడము మాత్రమే ఉంచి, మూడు నాలుగు వారములు గడచిన పిదప మరల పలుచన చేయుట కొందరి పద్ధతి, మంచి పద్ధతియే. పురుగు కొట్టినవి, ఎండినవి పోయినను చోటు ఖాళీపడదు. ఈసారి చేయి అంతగ ఆగదు. తీసిన ప్రతి మొక్కకును చిటికెనవ్రేలి సన్నపు దుంప, నారింజరంగున, లేతగ, తీయగ నుండును. లేత ఆకును సన్నగ తరిగి పప్పులో వేసినచో కొత్తిమీర వాసన కొట్టును. రెండును ఒకే కుటుంబపు మొక్కలు. తీసిన సందులలో మన్ను ఎగద్రోసి, పైకి కనబడుచున్న దుంప భుజములను కప్పవలెను, లేనిచో ఎండ తగిలి పచ్చబడును.

కార్తికము చివర విత్తినవి మాఘ బహుళ చతుర్దశికి ఇంచుమించు తొంబది దినముల పంటయగును. ఆనాటికి శ్రీముఖలింగమున శివరాత్రి యుత్సవము, పిదప వంశధారలో చక్రతీర్థ స్నానము, ఒడిశానుండి సైతము తరలివచ్చు యాత్రికుల రద్దీ. పెద్ద దుంపలు అప్పటికి వచ్చును. వచ్చిన బంధువుల విస్తళ్ళలో వడ్డింపబడును. పుష్యమాసపు సన్నదుంపలకు అట్టి వైభవము లేదు. అవి కడిగి, పళ్ళెములో పెట్టి, ఇష్టలింగమునకు అర్పించి, ఆ పూట ఇంటివారు ప్రసాదముగ తినునవి. ఆ మడికి అదియే తొలి అర్పితము.